తొక్కిన ముగ్గు

పొద్దున్నే ఎవరో మా ఇంటి వెనక మైదానంలో తడి సున్నంతో గీతలు పోస్తున్నారు. ఆ ఘాటు వంటింటి కిటికీలోంచి వచ్చి పొయ్యి మీది చాయ్ వాసనను మింగేసింది. కరీంనగర్‌లో పెద్ద పోటీలట. ఆటలు జరిపితే ఊరికి హోటళ్ళొస్తాయి, రోడ్లొస్తాయి, పిల్లలకు బతుకుదెరువు దొరుకుతుంది, ఆ సంగతి మీద సావనీరుకు నాలుగు పేజీలు రాసివ్వండి మేడం అని మా కాలేజీవాళ్ళు నెలరోజులుగా వెంటపడుతున్నారు. వాదనకు దిగితే ఎదుటివాళ్ళను నోరెత్తనివ్వనని నాకు పేరు. ఈ వాదనను మాత్రం నేను పన్నెండేళ్ళప్పుడు లక్సెట్టిపేటలో విన్నాను, నమ్మాను, దానితో లాభపడ్డాను కూడా. అందుకే వాళ్ళడిగింది పక్కనపెట్టి ఇది రాస్తున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఇంకా రెండు మూడేళ్ళే. జొన్నకోతలై, గోదావరి సన్నబడి, చలికి చేతులు ముడుచుకునే రోజులు. ఆటల పోటీలు మా ఊళ్ళో పెడతారని తెలిసినప్పటి నుంచి, బట్టల దుకాణం నడిపే మా బాపు వేపపుల్ల నములుతూ అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్ళందరికీ ఒకటే పాఠం చెప్పేవాడు: "ఆటలొస్తె మంత్రొస్తడు, మంత్రొస్తె రోడ్డొస్తది, రోడ్డొస్తె మన బజారు కరీంనగర్ లెక్కయితది." ఆటగాళ్ళ కోసం ఇంటింటికీ సకినాలు వంతు వేశారు. అవ్వ అని పిలిచే మా అమ్మ, వాడకట్టు ఆడవాళ్ళు తెల్లబట్ట పరిచి, వాము, నువ్వులు కలిపిన పిండిని వేళ్ళ మధ్య తిప్పుతూ చుట్లు చుడుతుంటే, మేము పచ్చిపిండి దొంగిలించి తిని, పైన దెబ్బలు కూడా తినేవాళ్ళం. "రోడ్డు రాకముందె నా నడుము వోయింది" అని అవ్వ గొణిగేది.

మేమంటే నేనూ భూమక్కా. అక్క అన్నది పేరులోనే, ఈడు నాదే. గోదావరిలో చేపలు పట్టేవాళ్ళ పిల్ల. తండ్రి పట్టినవి మెత్తబడకముందే బజారు చేర్చాలని నెత్తిన గంపతో ఇసుకలో ఉరికి ఉరికి ఆ కాళ్ళకు వేగం పట్టుబడింది. తొక్కుడుబిళ్ళలో నేను పేచీపెట్టి గెలిచేదాన్ని. పరుగులో పేచీకి సందు లేదు, ఎప్పుడూ ఆమే. ఆడపిల్లల వంద గజాల పరుగులో గెలిచినవాళ్ళను పట్నం, అంటే రాజధానికి, తీసుకుపోయి, హాస్టల్లో పెట్టి, రెండు పూటలా తిండిపెట్టి చదివిస్తారని డ్రిల్లు మాస్టరు చెప్పాడు. బడి మానిపించి పెళ్ళి చెయ్యాలనుకుంటున్న భూమక్క తల్లి ఎల్లవ్వ ఆ మాటకు ఆగింది. "గెలిస్తె పో బిడ్డా. లేకుంటె లగ్గమే."

పోటీల పొద్దున మంత్రిగారి కోసం మైదానమంతా పేడనీళ్ళు చల్లే పని ఆడవాళ్ళకు అప్పగించారు. పరుగు ముగిసే చోట మాస్టరు సున్నంతో పోసిన గీతను చూసి ఎల్లవ్వ, "ఎవలో ముగ్గు మొదలువెట్టి సగంల ఇడిశిపెట్టిండ్రు, పాపం" అని, ఆ గీతనే కలుపుకుని దారి వెడల్పునా పద్మం వేసి, నడుమ పసుపుకుంకుమ పెట్టింది. మాస్టరు తల పట్టుకున్నాడు. చెరపబోతే ఆడవాళ్ళు మీదికొచ్చారు. "ఉండనీయుండ్రి సారూ, మంత్రిసాబుకు మంచిగనే కనవడ్తది" అని బాపు సర్దేశాడు.

విజిల్ పడింది. భూమక్క నాకన్నా నాలుగడుగులు ముందుంది. పద్మం అంచుకు వచ్చి నిలదొక్కుకుని ఆగిపోయింది. పక్కనుంచి దారి ఉందేమోనని అటూ ఇటూ చూసింది. నాకూ కుంకుమ కనబడింది. ఆమె ఎందుకు ఆగిందో తెలిసింది. మా అవ్వ నన్నూ అలాగే పెంచింది. తొక్కుకుంటూ దాటాను.

"పసుపుకుంకుమ మీద కాలువెడ్తరానే?" అని ఆయాసపడుతూ అడిగింది.

"ఉరుకుడు శాతగాక ముగ్గు మీద వెడ్తున్నవా?" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. జీవితంలో నేను గెలిచిన మొదటి వాదన అదే.

తీరా పట్నం పంపడానికి బాపు ఒప్పుకోలేదు. "మనింటి ఆడివిల్ల లాగు తొడుక్కొని పదిమంది ముందట ఉరుకుతదా?" అని మాస్టరును పంపేశాడు. నేను అక్కడే ఉన్నాను. నా బదులు భూమక్కను పంపండి అంటే సరిపోయేది, అనలేదు. గెలిచింది నేనే అన్న మాట అలాగే ఉండాలనుకున్నాను. ఆ చోటు ఎవరికీ కాకుండా పోయింది. వారం తిరక్కుండా నన్ను చదువుకని కరీంనగర్‌లో మేనత్త ఇంటికి పంపారు. బస్సు దగ్గరికొచ్చిన భూమక్క ఎక్కడికని అడగలేదు, నేను చెప్పలేదు. మంత్రిగారి జీపు కోసం దారిన పోసిన మొరం మట్టి తొలి వానకే కొట్టుకుపోయింది. మైదానంలో రెండు రోజులు వెలిగిన కరెంటు దీపాలు, వాటిని వెలిగించిన ఇంజనుతో పాటే లారీ ఎక్కాయి. ఆ ఎండాకాలం అవ్వ ఉత్తరం రాయించింది: భూమక్క పెళ్ళిచీరలు మన దుకాణంలోనే కొన్నారని.

మా ఊరి ఆ మైదానం నిండా ఇప్పుడు ఇళ్ళు. నెత్తిన గంపతో ఇసుకలో ఉరికే ఆడపిల్లలు లేరు. సకినాలు పొట్లాల్లో కొనుక్కుంటున్నాం. పోయిన నెల ఆసుపత్రి మెట్లు ఒక్కొక్కటే మోకాళ్ళు పట్టుకుని ఎక్కుతున్న ఒకామె ఆగి నన్ను పేరుపెట్టి పిలిచింది. భూమక్క.

"గీమెనే, నన్ను గెలిచి పట్నం వోయిన శారద" అని పక్కనున్న మనవరాలికి గొప్పగా చూపించింది. "పట్నంల ఎన్ని కప్పులు గెల్చినవే?"

నేను అసలు పట్నమే పోలేదన్న మాట నోటిదాకా వచ్చింది.

"నాలుగు" అన్నాను.

"నాలుగా!" ఆమె ముఖం విప్పారింది. మనవరాలి వైపు తిరిగి, "సూసినవా? ఊకెనే ఓడిపోలే నేను" అంది.