జిగురు అంటని విమానం

విజయవాడ మొత్తమ్మీద సూపర్‌సోనిక్ ప్రయాణికుల విమానం బొమ్మను ముక్కలు అతికించి చేసుకునే ప్లాస్టిక్ కిట్ ఉన్నది ఇద్దరికే: ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టు నడిపిన మా ఎదురింటాయనకీ, నాకూ.

ఆ మోడల్ అసలు విమానాన్ని ఎవరూ తయారుచేయనే లేదు. కాగితాల మీదే ఆగిపోయింది. బొమ్మ కిట్ మాత్రం ముందే అమ్మకానికొచ్చింది. ఎదురింటాయన సబ్బుతో చేతులు కడుక్కుని ఆ పాత పెట్టె తెరిచేవాడు. ఒక్కో ముక్కనూ వేలితో తడిమి, మళ్ళీ మూసేసేవాడు.

"అతికించరేమండీ?" అంటే, "అతికిస్తే బొమ్మైపోతుందండీ. ఇలా ఉంటే ఎప్పటికైనా ఎగరొచ్చు," అనేవాడు.

ఆ మాట వినడానికి విమానాశ్రయం ఉన్న గన్నవరం నుంచి కూడా జనం వచ్చేవారు. నేను విమానాల గురించి గంటసేపు చెప్పినా మా ఇంట్లోవాళ్ళే వినరు. కడుపు మండిపోయేది.

నిజం చెప్పేస్తాను. నాకు కిట్ లేదు. ఆయన కాఫీ చెప్పడానికి లోపలికెళ్ళినప్పుడు జేబులో వేసుకున్న విమానం ముక్కు ఒక్కటే ఉంది. చనిపోయేదాకా ఆయన కనిపెట్టలేకపోయాడు.

మొన్న వాళ్ళావిడకి అది తిరిగిచ్చి, ఇదే చెప్పాను.

"కనిపెట్టకపోవడమేంటి అన్నయ్యగారూ? ఆ సాయంత్రమే చూశారు. 'నన్ను చూసి ఏడుస్తున్నాడు పాపం, ఇదైనా ఉంటే ఊరుకుంటాడు' అన్నారు. ఊరుకున్నారా మరి?"