ఐవీ చెవర్టన్ చెరగని గీత

ఇంగ్లండు దక్షిణాన దీవి మీద ఉన్న మా ఈస్ట్ కౌస్‌లో విమానాల కార్ఖానాకు డ్రాయింగ్ ఆఫీసు ఉండేది. అందులో ఐవీ చెవర్టన్ ఇరవై రెండేళ్ళు గీతలు గీసింది. ఒక్కదాని కిందా ఆమె పేరు లేదు. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన కాగితం మీద గంజి పెట్టిన సన్నని నారబట్ట పరిచి, నల్ల సిరాతో శుభ్రంగా నకలు తీయడం మా ఆడవాళ్ళ పని. సంతకం మాత్రం ఇంజనీరుది. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఐవీకి మండేది కాదు. నా గీత నాకు తెలుసులేవే డోరా అని నవ్వేసేది.

మాకు దక్కిన ఒకే ఒక్క లాభం ఆ బట్ట. పాడైన నకళ్ళు ఇంటికి తీసుకెళ్ళి సోడా వేసి ఉడకబెడితే గంజీ సిరా రెండూ పోయి, వెన్నలాంటి నారబట్ట మిగిలేది. మా ఊళ్ళో సగం మంది పిల్లలకు జ్ఞానస్నానం గౌన్లు ఒకప్పటి విమానాల చుక్కానుల, తోక రెక్కల నకళ్ళే. జేబురుమాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు.

పందొమ్మిది వందల నలభై ఎనిమిదిలో మా బల్లల మీద ఉన్నది నౌకాదళం వారి జెట్ విమానం. దానికి చక్రాల్లేవు. చక్రాలు తీసేస్తే బరువు తగ్గి ఎక్కువ దూరం పోతుందట. ఓడ మీద రబ్బరు పరుపు పరిస్తే దాని మీద పొట్టతో దిగుతుందట. మొదటిసారి విన్నప్పుడు నవ్వు ఆపుకోలేక సిరాబుడ్డి ఒలకబోశాను. మేం దానికి బాతు అని పేరు పెట్టాం. దిగిన తర్వాత దాన్ని పక్కకు జరిపేదెలా అని ఐవీ అడిగితే, ఇంజనీరు కాసేపు గోడకేసి చూసి, క్రేనుతో అన్నాడు. అయినా ఐవీకి ఆ బాతంటే ప్రాణం. పద్దెనిమిది నెలలు దాన్ని గీసింది. బల్ల కన్నా పొడవైన మూడు పెద్ద నకళ్ళు, అంటే విమానం మొత్తం కనిపించేవి, ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఆ వేసవిలోనే ఆమెకు పెళ్ళి కుదిరింది. వయసు నలభై ఒకటి. వరుడు సిరిల్ మ్యూ, మా వీధి చివర రొట్టెల కొట్టతను. ఆరేళ్ళుగా ఆమెకు డజనుకు పదమూడు డోనట్లు ఇస్తూ నోరు విప్పని మనిషి. చివరికి నేనే వెళ్ళి, నువ్వడుగుతావా నన్ను అడగమంటావా అని గదిమితే అడిగాడు.

ముహూర్తానికి ఎనిమిది రోజుల ముందు, శుక్రవారం నాడు, లండన్ నుంచి కబురొచ్చింది. బాతు రద్దు. ఒక్క గీత కూడా చదవడానికి మిగలకుండా నకళ్ళన్నీ నాశనం చేయాలి. ఆ పని చూడాల్సింది మా భద్రతాధికారి పెన్‌ఫోల్డ్ గారు. పాతికేళ్ళు యుద్ధనౌకల మీద పనిచేసి వచ్చిన మనిషి, నిలబెడితే జెండా కర్రే. కొలిమిలో వేయించేస్తానన్నారు.

ఐవీ దగ్గర పెళ్ళి గౌనుకు గజం గుడ్డ లేదు. యుద్ధం అయిపోయినా బట్టలకింకా రేషనే, ఆ కూపన్లు బూట్లకే అయిపోయాయి. ఆఫీసులో ఎప్పుడూ గొంతెత్తని మనిషి ఆ రోజు లేచి ఆయన ఎదుట నిలబడింది. నిప్పు కన్నా నీళ్ళే గీతను బాగా చంపుతాయని, కావాలంటే ఎదురుగా కూర్చుని చూసుకోమని చెప్పింది. ఆయన రూల్సు పుస్తకం రెండుసార్లు తిరగేశారు. ఉడకబెట్టకూడదని అందులో ఎక్కడా లేదు.

సోమవారం పొద్దున్నే క్యాంటీను వెనక రాగి కాగు కింద మంట పెట్టాం. పెన్‌ఫోల్డ్ గారు స్టూలు మీద కూర్చుని, ఉడికిన ప్రతి ముక్కనూ కిటికీ వెలుతురులో పెట్టి చూసి, టిక్కు కొట్టారు. దేశ రహస్యం కుతకుతా ఉడుకుతుంటే మేం కర్రలతో తిప్పుతూ పాటలు పాడాం. మధ్యాహ్నానికి తాడు నిండా తెల్లటి బట్ట. ఆఖరున ఆ మూడు పెద్ద నకళ్ళు వేశాం.

ఎంత ఉడికించినా అవి మారలేదు. గంజి పోయింది, గీత పోలేదు. మళ్ళీ సోడా వేశాం, రాతికేసి రుద్దాం. బాతు రెక్కలు మడుచుకుని అలాగే మమ్మల్ని చూస్తోంది. అప్పుడు ఐవీ తల పట్టుకుంది. ఆఫీసు పక్కనున్న నది చెమ్మకు సిరా పాకుతోందని, ఆ మూడింటికి మాత్రం సిరాలో మందుల షాపతను ఇచ్చిన ద్రావకం ఏదో కలిపిందట, యుగాంతం దాకా చెరగకూడదని. తన పనితనమే తన పీకకు చుట్టుకుంది.

చిన్న ముక్కలు అతికితే పైగౌను అవుతుంది. కానీ గంజి పోయిన బట్ట పల్చన. లోపల పొడవాటి లంగా లేకపోతే చర్చి గుమ్మం ఎండలో పెళ్ళికూతురి కాళ్ళు ఊరంతా చూస్తుంది. లంగాకు చాలినంత పొడవున్నవి ఆ మూడే. పెన్‌ఫోల్డ్ గారు వాటిని మడతపెట్టి చంకలో పెట్టుకున్నారు. కొలిమికే అన్నారు.

"పద్దెనిమిది నెలలు గీశానండీ," అంది ఐవీ. "దాన్ని ఏ ఓడా చూళ్ళేదు, ఏ ఆకాశమూ చూళ్ళేదు. కనీసం చర్చి దాకానైనా పోనివ్వండి."

ఆయన చంకలోని మడత తీసి స్టూలు మీద పెట్టారు. ఓడ మీద దిగుతూ చక్రం విరిగి సముద్రంలో పడిన కుర్రాళ్ళను తాను చూశానని, ఈ బాతు వస్తుందని తానూ ఎదురుచూశానని మెల్లగా చెప్పారు. తర్వాత గొంతు సవరించుకున్నారు. గీతను లోపలివైపుకు కుట్టి పైన గౌను వేస్తే ఊళ్ళో ఎవరూ చదవలేరు. రహస్యం బయటపెట్టమని రాసిచ్చే పత్రం మీద సంతకం చేసినవాళ్ళు నకలు చూడొచ్చు, దగ్గర ఉంచుకోవచ్చు. మీరంతా చేసినవాళ్ళే అన్నారు. మేం ఎగిరి గంతేయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టారు. "మరి పెళ్ళికొడుకు?"

సిరిల్ చేయలేదు. రొట్టెలవాడికి రహస్యాలెందుకు? అతను సంతకం పెడితేనే పెళ్ళికూతురు ఆ లంగాతో చర్చి గడప దాటాలని, సంతకం పెట్టేదాకా సంగతేమిటో అతనికి చెప్పకూడదని, పత్రం లండన్ నుంచి రావాలని పెన్‌ఫోల్డ్ గారు తేల్చారు. నాలుగు రోజులు పదిమందిమి కుట్టాం. పత్రం శనివారం పొద్దుటి స్టీమరులో వచ్చింది.

చర్చి పక్క గదిలోకి సిరిల్‌ను తీసుకెళ్ళారు. గౌనులో మెరిసిపోతున్న ఐవీ, నేను బయట కిటికీ కింద నక్కాం. సిరిల్ అసలే మొగమాటస్తుడు, బెదిరిపోయి సంతకం పెట్టనంటే ఏం గతి? లంగా విప్పి ఇచ్చేయడమే.

లోపల పెన్‌ఫోల్డ్ గారు పత్రం మొత్తం చదివారు. చూసినది ఎవరికీ చెప్పకూడదు, భార్యతో తప్ప చర్చించకూడదు, జీవితాంతం. సిరిల్ దేని గురించండీ అని అడిగాడు. సంతకం అయ్యాకే చెబుతానన్నారు ఆయన.

కుర్చీ జరిపిన చప్పుడైంది.

"దేనికో తెలీకుండా జీవితాంతానికి మాటివ్వాలి, అంతేగా?" అన్నాడు సిరిల్. "నేనీవాళ వచ్చిందే ఆ పనికండీ. కలం ఇలా ఇవ్వండి."

ఐవీ నా భుజం మీద తల పెట్టి, నవ్వుతూనే ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచుకోవడమెందుకు. తర్వాత ఆమె ముక్కు తుడిచి, గౌను సర్దిపెట్టి, ఆమెను చర్చి గుమ్మం వైపు నడిపించాను.