రాయమల్లు మడిమ

గోదావరి ఎండిన రోజుల్లో చెన్నూరు దగ్గర ఇసుకలో బండి దాటించాలంటే రాయమల్లే దాటించాలి. బండి దిగి, చెప్పు విడిచి, మడిమతో ఇసుకను ఒక్కసారి అదిమేవాడు. గుంట లోతును బట్టి చక్రం ఎంత దిగుతుందో, ఎద్దు గిట్ట ఎంత దిగుతుందో చెప్పేవాడు. నేను బడిలో పీడనం పాఠం చెప్పే పంతులును. బరువును వైశాల్యంతో భాగించాలని బోర్డు మీద రాసేవాణ్ని.

"సారూ, మణుగు ఇసుర్రాయి ఇసుక మీద కూసుంటది. రెండు శేర్ల రోకలి నిలవెడితే దిగవడ్తది. ఒట్టి బరువే జూస్తే మునుగుతం" అన్నాడొకసారి. అక్షరం ముక్క రాని మనిషి నా పాఠం నాకే అప్పజెప్పాడని లోపల ఉడుక్కున్నాను.

ఆయనకు ఒకే ఎద్దు, ఎర్రది. పక్కింటి యాదవ్వకు ఒకే ఎద్దు, తెల్లది. మొగుడు పోయాక ఆమెకు మిగిలిన ఆధారం అదే. రెండింటినీ ఒకే కాడికి కట్టి ఒకరోజు ఆమె చేను దున్నేవారు, ఒకరోజు ఈయన బండి తోలేవాడు. ఇద్దరిదీ ఏళ్ళనాటి ఎడ్ల పొత్తు.

1959 జూన్‌లో, వానలింకా పడకముందు, నాకు అవతలి ఒడ్డు ఊరికి బదిలీ అయింది. పుస్తకాల ఇనుప పెట్టెతో రాయమల్లు బండెక్కాను. నది మధ్య సన్నటి పాయ ఒకటి మిగిలింది. దాని అంచున ఆయన దిగి ఇసుక అదిమాడు. కుడివైపు వేలెడు దిగింది. ఎడమవైపు చీలమండ దాకా పోయింది.

"సారూ, పెట్టె దించుదాం. నెత్తిన వెట్టుకోని దాటిస్త, మీరు నడువుండ్రి."

"ఈ పూటే చేరాలయ్యా. బండి పోనీ" అన్నాను. బురదలో నడవడం నాకు ఇష్టం లేకపోయింది, అదీ అసలు సంగతి.

రాయమల్లు కాడి దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ ఎడమన ఉండే ఎర్రదాన్ని విప్పి కుడివైపు కట్టాడు. యాదవ్వ తెల్లదాన్ని ఎడమకు తెచ్చాడు. ఎందుకో నాకు అర్థమైంది. అయినా బండి దిగలేదు.

పది అడుగులు పోయామో లేదో తెల్లదాని ముందుకాలు మోకాలి దాకా కూరుకుపోయింది. బండి బరువంతా మీద పడి దాని మెడ విరిగింది. ఆ చప్పుడు ఇద్దరమూ విన్నాం.

నేను కొత్త ఊరికి పోలేదు, బండిని అక్కడే వదిలి పెట్టెతో సహా ఆయన వెంట వెనక్కి వచ్చాను. రాయమల్లు తన ఎర్రదాన్ని తీసుకుపోయి యాదవ్వ గుంజకు కట్టేశాడు. ఆమె కళ్ళు తుడుచుకుని ఆ ముడి విప్పబోయింది.

"నువ్వేం జేస్తవ్ అన్నా, ఇసుక మోసం జేసింది. నీది నీకుండనీ."

"ఇసుక మోసం జెయ్యలే, యాదవ్వా. నా మడిమకు జెప్పనే జెప్పింది. నాది బతకాల్నని నీదాన్ని గటు కట్టిన."

 యాదవ్వ ఆ ముడి మళ్ళీ బిగించి నావైపు తిరిగింది.

"సారూ, మీరు బండి మీదనే ఉంటిరి గద?"

"వెనక్కి తిరిగి కూర్చున్నానమ్మా, చూడలేదు" అన్నాను.

రాయమల్లు తలెత్తలేదు. పెట్టె దించుదామన్న సంగతి ఎత్తనూ లేదు. మర్నాడు పొద్దున నేను అడగకుండానే ఆ పెట్టెను నెత్తిన పెట్టుకుని నదిలోకి దిగాడు.  తడి ఇసుకలో ఆయన మడిమలు లోతుగా దిగుతున్నాయి. వెనక ఒట్టి చేతులతో నడిచిన నా అడుగులు పైపైనే పడ్డాయి. ఆ సిగ్గు నాకింకా పోలేదు.