మా అత్త కట్టిన రేసు ఇంజను

కిందటి నెల ఒక మంగళవారం మధ్యాహ్నం, విశాఖపట్నంలో నేను పనిచేసే కార్ల సర్వీసు సెంటరులో ఉండగా నాన్న ఫోన్ చేశాడు. "అప్ప పోనాదమ్మా," అన్నాడు. ఆ పొద్దున అత్త కాశీబుగ్గలోని తన షెడ్డులో జీడి ఫ్యాక్టరీ షాఫ్టు ఒకటి పూర్తి చేసి, చేతులు కడుక్కుని, "కూసింత నీరసంగా ఉన్నాది" అని కుర్చీలో కూర్చుందట. డాక్టరు వచ్చేసరికే అయిపోయింది. నాన్నకు ఆవిడ అక్క, నాకు మేనత్త, ఆ బజారుకంతటికీ లేత్ అత్త.

మావయ్య పోయేనాటికి ఆవిడకు ముప్ఫై నాలుగేళ్లు, పిల్లల్లేరు. ఇనుము చెక్కే ఆయన లేత్ మిషను అమ్మేసి తమ్ముడింటికి వచ్చెయ్యమని అందరూ చెప్పారు. పదేళ్లు మావయ్య పక్కన నిలబడి కొలతలు చూసిన మనిషి ఆవిడ. నెల తిరక్కుండానే షెడ్డు తెరిచి మిషను తనే ఆన్ చేసింది. నా చిన్నప్పుడు గుమ్మంలో ఆగి "మేస్త్రి లేడేటమ్మా?" అని అడిగిన వాళ్లను ఎందరినో చూశాను. చీర మీద మావయ్య ఖాకీ చొక్కా తొడుక్కున్న అత్త వెనక్కి తిరక్కుండానే "ఉన్నాను, సెప్పు" అనేది. నేను టెక్కలి వెళ్లి మెకానికల్ ఇంజనీరింగ్ చదవడానికి ఆ జవాబే కారణం.

ఉద్యోగంలో చేరాక నాకొక పిచ్చి పట్టుకుంది. హాట్ హ్యాచ్ అంటారు, చూడ్డానికి వీధిలో తిరిగే చిన్న కారే కానీ లోపలి ఇంజను మాత్రం దాని ఒంటికి మించిన బలంతో ఉంటుంది. అలాంటిదొకటి నా చేతులతో తయారుచేసి రేసు ట్రాక్ మీద నడపాలని. పాత కారొకటి కొన్నాను. ఒకే కంపెనీవి మూడు పాడైన ఇంజన్లు సంపాదించాను, రెండు పెద్దవి, ఒకటి చిన్నది. పెద్ద ఇంజను కింది భాగం మీద చిన్న ఇంజను పై మూత, అంటే హెడ్, బిగిస్తే మంట మండే చోటు ఇరుకై బలం పెరుగుతుందని నా లెక్క. మూడూ ఆటోలో వేసుకుని అత్త షెడ్డులో దింపి, నేను రాసుకున్న జాబితా ఆవిడ చేతికిచ్చాను.

"ఇదేటి?"

"ఏ భాగం దేనికి సరిపోతుందో నెట్‌లో చూసి రాసుకున్నానత్తా."

జాబితా మడిచి నా జేబులోనే పెట్టేసింది. "కాయితం మీద అన్నీ సరిపోతాయి. ఇక్కడ పెట్టి సూడు."

అలా మొదలై ప్రతి శనివారం రైలెక్కి కాశీబుగ్గను ఆనుకునే ఉన్న పలాసలో దిగేదాన్ని. మూడు ఇంజన్లూ విప్పి, భాగాలన్నీ గోనెల మీద వరసగా పరిచి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసేవాళ్లం. మూడింటిలోనూ కనెక్టింగ్ రాడ్లు ఒకే రకానివి, మొత్తం పన్నెండు. పిస్టన్‌ను కింది ఇరుసుకు కలిపేవి అవే. వాటిలో ఒకే బరువున్న నాలుగింటిని ఏరాలంది అత్త. మా కాటా గ్రాముల తేడా చూపించదు. ఆవిడ పన్నెండింటినీ కిరోసిన్‌తో కడిగి, తువ్వాల్లో చుట్టి, తిన్నగా బంగారం కొట్టుకు తీసుకెళ్లింది.

"ఇయ్యేటమ్మా?" అన్నాడు కొట్టతను, మూట విప్పగానే.

"మా మేనకోడలి నగలు. సరిగ్గా తూయి బాబూ."

అతను నవ్వాడు, కానీ పన్నెండూ తూచాడు. మూడు సరిగ్గా ఒకే బరువు, నాలుగోది కాస్త ఎక్కువ. వాటిలో బరువైన దాన్ని ఆవిడ మూడు సాయంత్రాలు గీకి మిగతా మూడింటికీ సమానం చేసింది. హెడ్‌లో మంట మండే నాలుగు గుంటలనూ మందుల షాపు సిరంజితో కిరోసిన్ పోసి కొలిచింది. ఒక దాంట్లో చుక్క ఎక్కువ పట్టినా ఒప్పుకునేది కాదు. "నాలుగూ ఒకేలాగ లాగాలి. ఒకడు బద్దకిత్తే మిగిలిన ముగ్గురూ సచ్చిపోతారు," అనేది.

మొదటి రేసుకు వారం ఉందనగా నేనొక పొరపాటు చేశాను. గాలీ పొగా వచ్చిపోయే వాల్వులను ఇంకా లోతుగా తెరిచే కొత్త క్యామ్‌షాఫ్ట్ ఒకటి తెచ్చి, ఆవిడ ఊళ్లో లేనప్పుడు బిగించేశాను. తిరిగొచ్చి చూసింది.

"ఇప్పీ."

"అత్తా, కారు తీసుకెళ్లే లారీ ఎల్లుండి వస్తుంది. ఇప్పుడు విప్పితే రేసు పోతుంది."

"ఇప్పీమన్నాను."

నాకు ఒళ్లు మండింది. "నీకు రేసంటే ఏంటో తెలీదత్తా," అన్నాను.

"తెల్దు," అంది నిమ్మళంగా. "ఇనుము తెలుసు."

తనే విప్పింది. పిల్లలు బొమ్మలు చేసుకునే మెత్తటి మైనం నాలుగు పిస్టన్ల మీదా అద్ది, హెడ్ మళ్లీ బిగించి, ఇంజనును చేత్తో మెల్లగా రెండు చుట్లు తిప్పింది. మళ్లీ హెడ్ ఎత్తి, వాల్వు నొక్కిన చోట మైనాన్ని బ్లేడుతో కోసి నా అరచేతిలో పెట్టింది. ఒకటిన్నర మిల్లీమీటర్లయినా మందం ఉండాల్సిన చోట ఉల్లిపొర అంత ఉంది. వేగం అందుకున్నాక వాల్వు వెళ్లి పిస్టన్‌ను గుద్దేది. నిండు వేగంలో ఇంజను పట్టేసిన కారులో నేనుండేదాన్ని. అరచేతిలోకి చూస్తూ నేను ఏడ్చేశాను. అత్త ఒక్క మాట దెప్పలేదు.

"ఇంకో రేసు ఉంతాది. టీ పట్రా," అంది.

ఆ రేసు పోయింది. అత్త ఒక పాత వాల్వు అంచుకు పళ్లు తీసి కత్తిలా చేసి, దాన్నే హెడ్‌లోంచి దింపి తిప్పుతూ పిస్టన్ల మీద వాల్వుకు చోటు చెక్కింది. ఆ పనిముట్టు ఏ షాపులోనూ దొరకదు. నాలుగు రోజులు పట్టింది. పిస్టన్లన్నీ మళ్లీ బంగారం కొట్టులో తూయించింది.

రెండో రేసుకు తమిళనాడు తనూ వచ్చింది. అక్కడ మిగతా వాళ్ల కార్లలో విదేశాల నుంచి తెప్పించిన భాగాలున్నాయి. కార్లు తనిఖీ చేసే అధికారి మా బానెట్ ఎత్తించి, ఇంజను ఎవరు కట్టారని ఇంగ్లీషులో అడిగాడు. నేను అత్తను చూపించాను. ఆయన నమ్మలేదేమో, పిస్టనుకూ వాల్వుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో ఆవిడను అడగమన్నాడు. నేను తెలుగులో అడిగాను. ఎనిమిది వాల్వులకీ ఎనిమిది కొలతలు, వరసగా, కాగితం చూడకుండా చెప్పింది. ఆయన పెన్ను మూసి, ఆవిడకు నమస్కారం పెట్టాడు.

పది చుట్లు. ఆరో చుట్టులో నా ముందున్న కారు పొగ కక్కి పక్కకు తప్పుకుంది. మా ఇంజను చివరి మలుపు దాకా ఎక్కడా గొంతు మార్చలేదు. మూడో స్థానంలో వచ్చాను. కారు దిగి నేను గంతులేస్తుంటే అత్త నా వైపే చూడలేదు. ఇంజను కాస్త చల్లారనిచ్చి, స్పార్క్ ప్లగ్గులు నాలుగూ ఊడదీసి, గుడ్డ మీద పక్కపక్కన పేర్చింది. మంట ఎక్కడ ఎక్కువైనా తక్కువైనా వాటి రంగే చెప్పేస్తుంది. నాలుగూ ఒకే లేత గోధుమ రంగులో ఉన్నాయి.

"ఒలే గుంటా, ఇలా సూడు," అంది. "ఒక్కలాగే పని సేసినాయి."

ఆవిడ కళ్లలో నీళ్లు నేను చూసింది ఆ ఒక్కసారే. కాసేపటికి పక్క టీముల కుర్రాళ్లు వచ్చి ఆ గుడ్డ చుట్టూ మూగారు. భాష తెలియకపోయినా ఆవిడ ఒక్కొక్కరికీ వేలితో చూపించి చెప్పింది. మూడో స్థానం కప్పు కన్నా నాకు ఆ దృశ్యమే గొప్ప.

కిందటి నెల అత్తను దహనానికి, ఆవిడ కోరుకున్నట్టే, పూండి దగ్గర పుట్టినూరికి తీసుకెళ్లాం. నన్ను చూసి, ఆడవాళ్లు శ్మశానానికి రాకూడదని ఎవరో అన్నారు. "రానీ," అన్నాడు నాన్న. తిరిగొస్తూ దారిలో ఒక కొబ్బరితోట దగ్గర స్నానాలకు ఆగాం. తోట రైతు నీళ్లు తోడే డీజిల్ ఇంజను వేశాడు. ఒక్క తిప్పుకే అందుకుంది.

"రెండేళ్ల కిందట అత్తే బాగు సేసినాదమ్మా," అన్నాడు నాతో. "ఆ తరవాత మరి ముట్టుకోనేదు."

అందరి స్నానాలూ అయ్యాయి. అతను ఇంజను ఆపలేదు. మేము కూడా ఆపమనలేదు. తడి బట్టలతో అలాగే నిలబడి విన్నాం. గొట్టంలోంచి నీళ్లు లావుగా పడుతూ, ఒక చెట్టు పాదు నిండగానే పక్క చెట్టు పాదులోకి పారుతూ, తోట చివరి దాకా పోతున్నాయి.