వెనక్కి తిరిగిన పెండ్లి కారు

మా వీధి చివర ఇస్త్రీ చేసే మనిషి పెట్టెలో బొగ్గులు రాజేసినప్పుడు ఆ వాసన మా ముందుగదిలోకి వస్తుంది. కోడలు కిటికీ మూయబోతే కాసేపు ఉండనీయమంటాను. యుద్ధకాలంలో పెట్రోలు దొరకక, వెనుక బొగ్గుల పొయ్యి బిగించుకుని నడిచిన మా పెదనాయన కారు వాసన అది. నా పసితనంలోనే నాన్న పోతే నన్ను పెంచింది ఆయనే. తమిళనాట రాజపాళయంలో పత్తి వ్యాపారం చేసేవారు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆయన ఎలాంటివారో నాకు నిజంగా తెలిసింది నా పెండ్లినాటి ఉదయమే.

పెండ్లి తళవాయిపురంలో, పెండ్లికొడుకు ఇంట్లో. పెదనాయనే కారు నడుపుతున్నారు. వెనుక నేను, పెద్దమ్మ. పత్తిచేల మధ్య వెళ్తుండగా గట్టు మీది నుంచి ఒక దూడ ఒక్కసారిగా రోడ్డు మీదికి దూకింది. కారు అదిరింది. పెద్దమ్మ ఆయన భుజం పట్టుకుంది. "నిలపవద్దు! కళ్యాణానికి పోతా నెత్తురు చూడకూడదు. పోనీయండి."

ఆయన అప్పటికే కారు పక్కకు తీసి దిగిపోయారు. దూడ లేవబోయి పడిపోతోంది. వెనుక కాలు వేలాడుతోంది. ఆయన దాన్ని వెంటనే ఎత్తలేదు. తన పట్టు ఉత్తరీయం తీసి దాని కళ్ళ మీద కప్పి, మెడ మీద చెయ్యి వేసి కూర్చున్నారు. అది కాస్త నెమ్మదించాక చేనువైపు తిరిగి గట్టిగా కేక వేశారు. "ఎవరిదమ్మా ఈ దూడ?"

పత్తి ఏరుతున్న ఒకామె ఒడిలోని పత్తి రాలిపోతుండగా పరుగెత్తుకొచ్చింది. "కండ్లు ఎక్కడ పెట్టుకొని తోలినావు? కారుంటే రోడ్డంతా నీదేనా?"

దూడే అడ్డం వచ్చిందని ఆయన అనలేదు. "తోలినది నేనేనమ్మా. పశువుల ఆస్పత్రికి ఎత్తుకొని పోదాము. నువ్వూ రా, నువ్వు లేకుంటే అది బెదురుతాది."

ఆస్పత్రి ఉన్నది రాజపాళయంలో. అంటే కారు వెనక్కి తిరగాలి. మేము దారిలో దాటివచ్చిన మా బంధువుల ఎడ్లబండి అప్పుడే అక్కడికి చేరింది. "మీరిద్దరూ దీంట్లో పోండి. ముహూర్తానికి వచ్చేస్తాను," అన్నారు.

"రాలేకపోతే?" అన్నాను. నాకు ఏడుపు ముంచుకొస్తోంది.

"మీ మేనమామ కన్యాదానం చేస్తాడు. ఈ పని నా బదులు ఇంకొకరు చేసేది కాదమ్మా."

నేను దిగిన సీటులోనే దూడను పడుకోబెట్టారు.

బండిలో పెద్దమ్మ నాకు నూరిపోసింది, టైరు పోయిందని చెప్పమని. కానీ కాబోయే అత్తగారు ఎదురొచ్చి మీ పెదనాయన ఏరీ అని అడిగేసరికి నా నోట జరిగిందే వచ్చేసింది. పందిట్లో శకునం గురించి గుసగుసలు మొదలయ్యాయి. మేనమామ పీటల మీద కూర్చోబోతుండగా కారు చప్పుడు వినిపించింది. నెత్తుటి మరకల పంచెతో పెదనాయన పందిరి బయటే నిలబడ్డారు.

"ఎవరికైనా మనసులో శంక ఉంటే ఇప్పుడే చెప్పండి. తోలినది నేను, మా పాప కాదు."

మా అత్తగారే ముందుకు వచ్చారు. "దూడ ఎట్లుండాది?"

"కాలు కట్టినారు. బతుకుతాది."

"సరి, పంచె మార్చుకొని రండి అన్నా. ముహూర్తమని అయ్యరు తొందరపడతా ఉన్నాడు."

ఆ ఇంట్లో నేను భయం లేకుండా బతకగలనని నాకు ఆ నిమిషంలోనే తెలిసింది.

తర్వాత కూడా ఆయన ఆ దూడను చూడటానికి వెళ్తుండేవారు. నేను పుట్టింటికి వచ్చినప్పుడు ఒకసారి నన్నూ తీసుకెళ్ళారు. అది కుంటుతూ మేస్తోంది. ఆ పత్తిచేని ఆమె మేము తెచ్చిన తవుడు తీసుకుంది, ఒక్క మాట మాట్లాడలేదు. తిరిగి వచ్చేటప్పుడు నాకు కోపం వచ్చింది. "ఇన్నిసార్లు పోతా ఉన్నావు కదా, రా అని ఆమె ఒక మాటైనా అనకూడదా?"

"ఆమె మాట్లాడాలని నేను పోలేదు. దాని కాలు ఎట్లుండాదో చూసేదానికి పోతా ఉండాను."

నేను కారు నడపడం నేర్చుకోలేదు. పెద్ద సంసారం మాత్రం నడిపాను. నడిపేటప్పుడు ఎవరికో ఒకరికి దెబ్బ తగులుతూనే ఉంటుంది. అప్పుడు వెళ్ళి వాళ్ళ గుమ్మం ముందు నిలబడతాను. కొందరు లోపలికి రమ్మంటారు, కొందరు తలుపు వేసుకుంటారు. తలుపు వేసుకున్నవాళ్ళ ఇంటికి మళ్ళీ వెళ్ళడం నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.