సాంబ్రాణి గంప

నిన్న మధ్యాహ్నం మా మేనకోడలు వచ్చింది. చెప్పులు విప్పి, గుమ్మం ముందు ఒక్క క్షణం ఆగి, నిండా ఊపిరి పీల్చుకుని, పెదవులు బిగించి లోపలికి అడుగు పెట్టింది. అలా చేస్తున్నట్టు దానికి తెలుసో తెలియదో! ఇరవై రెండేళ్ళ పిల్ల, ఉద్యోగం కూడా చేస్తోంది. నేను మాత్రం చూశాను.

మాది అనకాపల్లిలో బెల్లం కొట్టువాళ్ళ ఇల్లు. శుక్రవారం వచ్చిందంటే కొట్లోనూ ఇంట్లోనూ సాంబ్రాణి పడాల్సిందే. మా అత్తగారు నాకు మిగిల్చి వెళ్ళిన ఆస్తిలో ఒక మట్టి మూకుడు, ఒక వెదురు గంప ఉన్నాయి. తలంటు అయ్యాక కొబ్బరిపీచు నిప్పుల మీద సాంబ్రాణి గుండ చల్లి, పైన గంప బోర్లించి, దాని మీద తడిజుట్టు పరిచి ఆరబెట్టుకోవాలి. ఆ విద్యలో నన్ను మించినవాళ్ళు మా వీధిలో లేరని నాకు గర్వం.

నాకు పిల్లలు లేరు. చీడికాడలో ఉండే మా తమ్ముడు ఇంగ్లీషు మీడియం చదువు కోసం తన కూతుర్ని మా ఇంట్లో దింపినప్పుడు దానికి ఐదేళ్ళు. వాడు దింపింది బడి కోసమే. నేను మాత్రం నాకే ఇచ్చేశాడనుకున్నాను. ఆ ఒత్తయిన జుట్టు చూసి మురిసిపోయి, గంప మీద తల పెట్టించి, పొగ వృథా పోకుండా పైన నా పాత నేతచీర కప్పేదాన్ని.

కొన్నాళ్ళకి తుమ్ములు మొదలయ్యాయి. పొద్దున్నే ముక్కు నలుపుకునేది, కళ్ళు ఎర్రబడేవి. వానాకాలం వచ్చేసరికి ఛాతీలో పిల్లికూతలు. పెరుగు మాన్పించాను, సీతాఫలం మాన్పించాను, బడి దగ్గర ఐసు అమ్మేవాడితో తగువు పెట్టుకున్నాను. చెమ్మగాలి తగలకుండా కిటికీలన్నీ బిడాయించి, శుక్రవారం సాంబ్రాణిని రోజూ రెండు పూటలు చేశాను. సాయంత్రం దోమల చక్రం సరేసరి. "ఏటే, ఇంట్లో బెల్లం గానీ వండుతున్నావేటి?" అని మా ఆయన దగ్గుకుంటూ కొట్టుకి పారిపోయేవారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నేను మూతి ముడుచుకునేదాన్ని.

ఒకరోజు అది చీరలోంచి తల బయటపెట్టి, "అత్తా, నేను ముప్ఫయి లెక్కెట్టేదాకా ఊపిరి పీల్చకుండా ఉండగలను తెలుసా!" అంది. ఎంత గట్టి పిల్లో అని వీధంతా చెప్పుకుని నవ్వాను.

చూపించడానికి తీసుకెళ్తే డాక్టరమ్మ మొదటిసారే అడిగింది, ఇంట్లో పొగ ఏమైనా ఉంటుందా అని. "పొగేటండీ, మాది గ్యాసు పొయ్యి. మా ఆయన సిగరెట్టు కూడా ముట్టరు" అన్నాను. అబద్ధం చెప్పలేదు. దేవుడికి వేసేది, మా అత్తగారు నేర్పింది, ఆ లెక్కలోకి వస్తుందని తోస్తేగా!

కార్తీకమాసంలో ఒక ఉదయం దానికి ఊపిరి అందలేదు. పెదవులు నీలంగా అయిపోయాయి. మా ఆయన చేతుల మీద ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. మా తమ్ముడు బండి మీద వచ్చేసరికి మందు మాస్కు పెట్టి ఉంది. స్టెతస్కోపు పెట్టడానికి వంగిన డాక్టరమ్మ, పిల్ల జుట్టు దగ్గర ఆగిపోయింది.

"ఈ వాసనేంటమ్మా?"

"సాంబ్రాణండి. తొందరగా తగ్గాలని రోజూ రెండుపూట్లా ఏత్తన్నాను" అన్నాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

ఆవిడ నన్ను తిట్టలేదు. పిల్లనే అడిగింది, పొగ వేసినప్పుడు ఎలా ఉంటుందని. అది ముందు నా వంక చూసి, మాస్కు కాస్త పక్కకి లాగి, "ఊపిరి బిగబట్టేత్తాను. అత్త బాధపడతాదని సెప్పలేదు" అంది.

ఆ వారమే మా తమ్ముడు పిల్లని, పుస్తకాల సంచీని తీసుకుని చీడికాడ వెళ్ళిపోయాడు. నాలుగు నెలలకి ఫోన్ చేసి, "ఇప్పుడు మందు పంపు పీల్చాల్సిన పనే ఉండట్లేదక్కా" అన్నాడు, సంతోషంగా. నేనూ సంతోషించాను. నా ఇల్లు వదిలితే బాగుపడింది నా బిడ్డ. ఫోన్ పెట్టేసి ఆ గంపని కత్తితో నరికాను. నరుకుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను.

పదహారేళ్ళయింది. మళ్ళీ మా ఇంట్లో నిప్పు మీద సాంబ్రాణి పడలేదు. కిటికీలు తెరిచే ఉంటాయి, దుమ్ము పడుతోందని పనిమనిషి సణిగినా సరే. గోడలకి రెండుసార్లు సున్నం కూడా వేయించాను. అయినా నిన్న అది పెదవులు బిగించి హాలు దాటి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఊపిరి వదిలేదాకా, తలుపు పక్కన నిలబడి నేనూ మనసులో లెక్కపెట్టాను. పదకొండు. "ఎలా ఉన్నావత్తా?" అంది నవ్వుతూ. ఇంట్లో గాలి మారడానికి ఒక్క పూట చాలు; ఆ పిల్ల ఒంట్లోంచి నేను వేసిన పొగ పోవడానికి పదహారేళ్ళు కూడా చాల్లేదు.