నా ఎగ్జిట్ సంగతి కొండ మీద తెలిసింది

సౌదీలోని రాబిగ్‌లో ఉన్నన్నాళ్లూ నేను నా ఇష్టం కొద్దీ మొదలుపెట్టిన పని ఒక్కటే, చలికాలం శుక్రవారాల్లో కొండలెక్కడం. మా ఆయన అక్కడ ఒక కాంట్రాక్టు కంపెనీలో టెక్నీషియన్. నేను ఇండియన్ పిల్లల బడిలో పదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. మాది ప్రొద్దుటూరు. కొండల బృందాన్ని నడిపేది హైదరాబాద్ పాతబస్తీ నుంచి వచ్చిన పెద్దాయన. ఆయనకు ఏసీలు బాగుచేసే దుకాణం ఉండేది. చిన్నాపెద్దా అందరం ఆయన్ని భాయ్ అనే పిలిచేవాళ్లం.

మేం వెళ్లిన ఎనిమిదో ఏడాది కుటుంబాల మీద లెవీ పెట్టారు. భార్యాపిల్లల్ని దగ్గర ఉంచుకున్న ప్రతివాడూ తలకింత అని కట్టాలి, ఏటేటా పెరుగుతుంది, ఇఖామా అనే నివాసపు కార్డు రెన్యువల్‌కు ఏడాదిదంతా ఒక్కసారే పెట్టాలి. నితాఖత్ బెదురు అంతకుముందు నుంచే ఉంది. స్థానికులు ఎంతమంది ఉన్నారో చూసి కంపెనీలకు రంగులిచ్చేవారు. మా కంపెనీ ఎప్పుడు ఎరుపులోకి జారి మా కార్డులు ఆగిపోతాయోనని మగవాళ్లు గుసగుసలాడుకునేవారు. మా కాలనీలో వారానికో ఇల్లు ఖాళీ. మెట్ల కింద పరుపులు, పిల్లల సైకిళ్లు వదిలేసి పోయేవాళ్లు. నా క్లాసులోనూ బెంచీలు ఖాళీ అవుతూ వచ్చాయి. ఇంట్లో ఆ మాట వచ్చినప్పుడల్లా మా ఆయన, "మార్చి దాకా చూద్దాంలే, నీ పిల్లోళ్ల పరీక్షలు కానీ" అనేవాడు. నేను నమ్మాను.

జనవరిలో ఒక శుక్రవారం, తూర్పున లోపలికి ఉన్న మూడు కొండలు ఒకే రోజులో ఎక్కాలని భాయ్ పిలిచాడు. కొండలంటే గిట్టని మా ఆయన నేనూ వస్తానన్నాడు. మా పాపను పక్కింట్లో వదిలి బయల్దేరాం. తారు రోడ్డు దాటాక నేను పైన తొడుక్కున్న నల్లటి అబాయా తీసి కారులో పడేసి, చుడీదార్ మీద బూట్లు బిగించుకున్నాను. వాగు ఎండిపోయిన చోట బండ్లు ఆపి నడక మొదలుపెట్టాం. దారి అంటూ ఏమీ లేదు. ఇసుక, తుమ్మముళ్లు, ఆ తర్వాత నల్లటి రాళ్లు. ఒక్కోటి కాలు పెట్టగానే కదిలేది. పైనెక్కడో కోతుల గుంపు మమ్మల్ని చూసి అరిచింది.

మొదటి కొండ సగం ఎక్కాక ఒక బండ నీడలో ఆగాం. నా పక్కన కూర్చున్నావిడది కాకినాడ. వాళ్లాయన, మా ఆయన ఒకే షిఫ్టు.

"మొత్తానికి అందరం ఒక్కసారే వెళ్లిపోతున్నామండీ," అందావిడ నీళ్లు తాగుతూ. "మీకూ పడిపోయిందంట కదా?"

"ఏం పడింది?"

"ఎగ్జిటండీ. మొన్న మా వారూ మీ వారూ కలిసే పెట్టారంట. మీదీ, పాపదీ." నా ముఖం చూసి ఆవిడ సీసా మూత బిగించడం మర్చిపోయింది. "అయ్యో, మీకు చెప్పలేదా ఏంటండీ?"

పైన మా ఆయన ఎవరికో చెయ్యందించి లాగుతూ నవ్వుతున్నాడు. నా ఇఖామాలో కఫీల్, అంటే పూచీదారు అన్నచోట ఉన్నది ఆయన పేరే. ఎనిమిదేళ్లుగా నా పర్సులో తిప్పుతున్న కార్డు అది, ఏనాడూ దాని గురించి ఆలోచించలేదు. ఎగ్జిట్ పెట్టి నన్ను దేశం నుంచి శాశ్వతంగా పంపడానికి నా సంతకం అక్కర్లేదు. ఆయన సోఫాలో కూర్చుని ఫోన్లో సర్కారు యాప్ తెరిచి రెండుసార్లు నొక్కితే చాలు. నొక్కాడు. ఆ సాయంత్రం నేను వంటింట్లో దోసెలు పోస్తుండి ఉంటాను.

శిఖరం మీద ఆయన నారింజ ఒలిచి నాకు చాచాడు.

"ఎగ్జిట్ పెట్టినావా?" అన్నాను.

చెయ్యి అట్లాగే ఉండిపోయింది. "ఇంటికి పోయినాక మాట్లాడుకుందాం."

"పెట్టినావా, లేదా?"

"పెట్టినా. చెప్తే ఏడుస్తావని... ఈ కొండ అయినాక నిదానంగా చెబుదామనుకుంటి."

అంటే చేదు మాట చెప్పేముందు నాకు తీపి తినిపించడానికి ఈ రోజు వచ్చాడన్నమాట. నారింజను విసిరికొట్టలేదు కానీ, కొట్టి ఉండాల్సింది అని ఇప్పటికీ అనిపిస్తుంది.

రెండో కొండకు ఎవరొస్తారని భాయ్ అడిగాడు. అందరూ అలిసిపోయి, అక్కడే తిని దిగిపోతామన్నారు. నేను లేచి నడిచాను. మధ్యలో లోతుగా దిగి మళ్లీ నిట్టనిలువుగా ఎక్కాలి. నా కాళ్ల కింద రాళ్లు జారి దొర్లుతున్నాయి.

"బహెన్, గుస్సాల నడవకు," అన్నాడు భాయ్ వెనక నుంచి. "కాలు చూసి పెట్టు. గీడ పడితే మోస్కపోనీకె ఎవ్వరు లేరు."

ఆయన మీదా కోపం వచ్చింది. కాసేపటికి వెనకాల పెద్ద చప్పుడైంది. మా ఆయన వెంటబడి వస్తూ జారాడు. అరచేయి గీరుకుని నెత్తురొస్తోంది. భాయ్ ఆగమన్నాడు కాబట్టి ఆగాను. నా చున్నీ అంచు చింపి ఇచ్చాను. కట్టలేదు. ఆయనే పళ్లతో బిగించి కట్టుకున్నాడు.

రెండో శిఖరం మీద పోగేసిన నాలుగు రాళ్లు తప్ప ఏమీ లేవు. చుట్టూ ఎటు చూసినా కొండల వెనక కొండలు, ఊరన్నది లేదు. భాయ్ నమాజుకు అవతలి వైపు వెళ్లాడు. అక్కడ అరిచాను. ఇరుగుపొరుగు వింటారని ఎనిమిదేళ్లుగా ఆ ఫ్లాట్లో ఎప్పుడూ అరవని దాన్ని, గొంతు పగిలేట్టు అరిచాను.

"నన్ను అడిగింటే నేనే పోదామని అనిందునేమో! అడగల్యా నువ్వు!"

"అడిగితే ఒప్పుకోవు కదమ్మే. ఆ లెవీ కట్టుకుంటా పోతే మనకేం మిగుల్తాది?"

"నా జీతం యాడికి పోయింది? అది లెక్కలో లేదా? నా పిల్లోళ్లకు పరీక్షలు మార్చిలో. నడమ ఇడిసిపెట్టి పోవాల్నా?"

"బడోళ్లు ఇంకొకర్ని పెట్టుకుంటారులే."

ఎగ్జిట్ కంటే ఆ మాట నన్ను ఎక్కువ కాల్చింది. ఆ బడిలో నా స్థానం, ఆ పిల్లల దగ్గర నా మాట, నేను పొద్దున్నే లేచి చేసిన పని, అన్నీ కలిపి "ఇంకొకరు".

"క్యాన్సిల్ చేయి," అన్నాను.

"ఈడ సిగ్నల్ లేదు."

"సిగ్నల్ వచ్చినాక చేయి. నా ముందర చేయి. మార్చి అయినాక నేనే పోతా. నువ్వు పంపితే పోను."

ఆయన తల వంచుకుని కట్టు సర్దుకున్నాడు. "సరే" అన్నాడో, నేనే అట్లా విన్నానో తెలియదు.

మూడో కొండ ఎదురుగా కనిపిస్తోంది. దానికీ పోదామని భాయ్‌ని అడిగాను. పొద్దు చాలదని తల అడ్డంగా ఊపాడు. దిగేటప్పుడు నా పక్కకొచ్చి మెల్లగా అన్నాడు: "నేను మా ఇంటోళ్లను పంపి రెండేండ్లాయె బహెన్. నేను గూడ అడగలే."

"ఆమె ఏమన్నది?" అన్నాను కటువుగా.

"ఏమనలే. ఇప్పటికి గూడ ఏమంటలేదు."

బండ్ల దగ్గరికి దిగాం. కారులో నేను వెనక సీట్లో కూర్చున్నాను. తారు రోడ్డెక్కి ఫోన్లు మోగడం మొదలవగానే, "చేయి" అన్నాను. ఆయన బండి పక్కకు తీసి, కట్టు కట్టిన చేత్తో తడబడుతూ రద్దు చేశాడు. ఫోన్ లాక్కుని పాపదీ నాదీ రెండూ చదివి చూసుకున్నాను. ఇఖామాకు కట్టాల్సింది ఆయన ఎవరి దగ్గర సర్దాడో నేను అడగలేదు. నాకు చెప్పి చేయాల్సిన పని చెప్పకుండా చేశాడు, ఇది ఆయన ఒక్కడే మోయాల్సిందే అనుకున్నాను.

మార్చిలో నా పిల్లలు పరీక్షలు రాశారు. ఆఖరి రోజు గేటు దగ్గర నిలబడి పేపర్ ఎట్లా ఉందో అందరినీ అడిగాను. ఏప్రిల్లో పాపా నేనూ ఇంటికొచ్చేశాం. టికెట్లు నేనే తీశాను. ఎగ్జిట్ మాత్రం మళ్లీ ఆయన ఫోన్లో ఆయనే నొక్కాలి. నొక్కే ముందు నన్ను పిలిచి చూపించాడు. అందుకు నేను థాంక్స్ చెప్పలేదు.

ఆయన తిరిగొచ్చి ఇక్కడే పని చూసుకున్నాడు. బాగానే ఉన్నాం. కానీ చుట్టాలు కూడినప్పుడల్లా ఈ కథ ఎత్తుకుంటాడు. "మాయమ్మి సౌదీలో కొండెక్కి అలిగింది" అని. అందరూ నవ్వుతారు. పోయిన నెల మా మరిది ఇంట్లో విందులో మళ్లీ అదే మాట అన్నాడు. నేను విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాను.

"అలగల్యా. కోపం వచ్చింది. ఇంకా పోల్యా," అన్నాను.

మా ఆయన పప్పు గిన్నె నా వైపు జరిపాడు. చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయాను.